వదలని నడుము నొప్పి: ఏ వైద్యుణ్ణి ఎప్పుడు చూడాలి?

సభకు నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం ఒక ప్రశ్న రూపంలో ఉంది. నెలల తరబడి వదలని నడుము నొప్పికి ఏ స్పెషలిస్టు దగ్గరకు వెళ్ళాలి? జనరల్ ఫిజీషియన్‌గా నేను దాదాపు రోజూ వినే ప్రశ్న ఇది. సాధారణంగా ఇది ఇంకా చిన్నదైపోయి, "ఎముకల డాక్టరా, నరాల డాక్టరా?" అన్న రూపంలో వస్తుంది. రెండింటిలో ఒక పేరు చెప్పి పంపడం తేలికే. అలా పంపిన వారిలో చాలామంది ఏడాది తిరిగేసరికి ఫైలు నిండా కాగితాలతో, అదే నొప్పితో మళ్ళీ నా ముందు కూర్చోవడం చూశాక, నేను ఆ ప్రశ్నకు అలా సమాధానం చెప్పడం మానేశాను. నా నొప్పి స్వభావం ఏమిటి, దాని గురించి ఇప్పుడు తేలవలసిన విషయం ఏది అన్నది ముందు తెలుసుకుంటే, ఏ వైద్యుడన్నది దాన్ని బట్టే తేలుతుంది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

మొదట "దీర్ఘకాలిక" అన్న మాటకు అర్థం చెప్పుకుందాం. పన్నెండు వారాలు దాటినా తగ్గని నొప్పిని వైద్యులు దీర్ఘకాలికం అంటారు. బరువెత్తినప్పుడు హఠాత్తుగా పట్టేసిన నడుము చాలామందికి కొన్ని వారాల్లోనే సర్దుకుంటుంది కాబట్టి, ఆ దశలో స్పెషలిస్టు కోసం పరుగెత్తవలసిన అవసరం సాధారణంగా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని అంచనా. మనుషులను పనికి దూరం చేసే కారణాల్లో ప్రపంచం మొత్తం మీద దీనిదే మొదటి స్థానం. ఇంతమందికి వచ్చే బాధకు ఎవరి దగ్గరకు వెళ్ళాలో స్పష్టంగా తెలియకపోవడం మామూలు విషయం కాదు.

ఎవరి దగ్గరకు ముందు వెళ్ళామన్నది ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణతో చెబుతాను. 1994లో అమెరికాలో ఒక సర్వే వెలువడింది. నడుము నొప్పితో వచ్చిన రోగుల వివరాలను కాగితం మీద రాసి, వేర్వేరు శాఖల వైద్యులకు పంపి, మీరైతే ఏ పరీక్షలు చేయిస్తారని అడిగారు. రోగి వివరాల్లో తేడా ఏమీ లేదు. అయినా న్యూరోసర్జన్లు, న్యూరాలజిస్టులు స్కానింగుల వైపు ఎక్కువగా మొగ్గారు. కీళ్ళవాతాలను చూసే రుమటాలజిస్టులు రక్త పరీక్షలు ఎక్కువగా రాశారు. నరాల్లో విద్యుత్ ప్రసారాన్ని కొలిచే పరీక్షలను న్యూరాలజిస్టులు, గాయం లేదా జబ్బు తరువాత మనిషిని మళ్ళీ కదిలేలా చేసే పునరావాస వైద్యులు ఎక్కువగా కోరారు. వీరిలో ఎవరూ తప్పు చేశారని నేను అనడం లేదు. ప్రతి వైద్యుడూ తాను నేర్చిన విద్య చూపించే వైపే చూస్తాడు. అందుకే ఏ గది తలుపు తట్టాలో ఎంచుకునే ముందు, ఆ గదిలో ఏ రకమైన ప్రశ్నకు సమాధానం దొరుకుతుందో తెలిసి ఉండాలి.

మొట్టమొదట చూడవలసిన వైద్యుడు నా దృష్టిలో మీ సంగతులన్నీ తెలిసిన కుటుంబ వైద్యుడు లేదా జనరల్ ఫిజీషియన్. నా వృత్తి అదే కాబట్టి ఈ మాట అంటున్నానని మీరు అనుకోవచ్చు గానీ, దీనికి గట్టి కారణమే ఉంది. దీర్ఘకాలిక నడుము నొప్పుల్లో దాదాపు తొంభై శాతం కేసుల్లో ఫలానా ఎముక, ఫలానా డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటి భాగం), ఫలానా నరం వల్లే నొప్పి వస్తోందని వేలు పెట్టి చూపించడం సాధ్యం కాదు. దీనర్థం నొప్పి అబద్ధమని కాదు, మనసు కల్పించుకున్నదని అసలే కాదు. కండరాలు, కీళ్ళు, నిద్ర, ఆందోళన, కదలిక తగ్గిపోవడం, నొప్పిని మోసే నరాల వ్యవస్థ అతిగా స్పందించడం ఇవన్నీ కలిసి ఆ బాధను నిలబెడుతున్నాయని అర్థం. మిగిలిన కొద్ది శాతంలోనే ప్రత్యేకమైన జబ్బులు ఉంటాయి. ఆ కొద్దిమందిని వేరు చేసి సరైన చోటికి పంపడం, మిగిలినవారిని అనవసరమైన సూదుల నుంచీ కత్తుల నుంచీ కాపాడడం మొదటి వైద్యుడి పని. ఆ పని స్కానింగు యంత్రంతో జరిగేది కాదు. ఓపికగా అడిగి, బట్ట తొలగించి వెన్ను చూసి, కాళ్ళ బలం, స్పర్శ, మోకాలి దగ్గరా చీలమండ దగ్గరా నరాల స్పందనలు పరీక్షించడం ద్వారానే జరుగుతుంది. మిమ్మల్ని ముట్టుకోకుండానే ఎంఆర్‌ఐ రాసిచ్చిన వైద్యుడు ఎంత పెద్ద పేరున్నవాడైనా, ఆ రోజు మీకు మొదటి వైద్యం అందలేదనే నేను అంటాను.

ఎంఆర్‌ఐ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దారి తప్పడం ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. నడుము నొప్పి ఏ మాత్రం లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కానింగు ఫలితాలను ఒకచోట చేర్చి పరిశీలించిన సమీక్ష 2015లో వచ్చింది. నొప్పి లేని ఇరవయ్యేళ్ళవారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళవారిలో 96 శాతం మందికి డిస్కులు అరిగిన లక్షణాలు కనిపించాయి. డిస్కు ఉబ్బు ఇరవయ్యేళ్ళవారిలోనే 30 శాతం మందిలో ఉంది. అంటే తల నెరవడం లాగే, ముఖం ముడతలు పడడం లాగే, డిస్కులు కూడా వయసుతో మారుతూ ఉంటాయి. రిపోర్టులో రాసిన "డీజెనరేషన్" (అరుగుదల), "బల్జ్" (ఉబ్బు) అన్న మాటలు చదివి, "నా డిస్కు జరిగింది, నరం నొక్కుకుంది, ఇక వంగకూడదు" అని మంచానికి అంటుకుపోయిన మనుషులను నేను ఎందరినో చూశాను. డిస్కు తన చోటు విడిచి ఎక్కడికీ జరిగిపోదు. ఆ రిపోర్టు వారికి చేసిన హాని కొన్నిసార్లు నొప్పి చేసిన హాని కంటే ఎక్కువ. లక్షణాలతో సరిపోలినప్పుడే స్కానింగులో కనిపించిన మార్పుకు విలువ ఉంటుంది. ఎడమ కాలు లాగుతున్న మనిషికి కుడివైపు డిస్కు ఉబ్బు కనిపిస్తే, ఆ ఉబ్బుకు చికిత్స చేయడంలో అర్థం లేదు.

ఇక ఆగకూడని సందర్భాలు. మూత్రం ఉన్నట్టుండి ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం మీద అదుపు తప్పడం, సైకిలు సీటుకు ఆనే భాగమంతా మొద్దుబారడం, రెండు కాళ్ళలోనూ బలం తగ్గుతూ పోవడం జరిగితే, ఏ స్పెషలిస్టు అని ఆలోచించే సమయం కూడా లేదు. ఎంఆర్‌ఐ, వెన్నెముక శస్త్రచికిత్స రెండూ అందుబాటులో ఉన్న ఆసుపత్రి అత్యవసర విభాగానికి అప్పటికప్పుడు వెళ్ళాలి. వెన్నుపాము కింద గుర్రపు తోకలా విడిపోయే నరాల గుత్తి నలిగిపోతున్నప్పుడు ఈ లక్షణాలు వస్తాయి, ఆలస్యమైతే నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు. పాదాన్ని పైకి ఎత్తలేక నడకలో ఈడ్చుకుపోవడం కొత్తగా మొదలైనా రోజుల్లోనే సర్జన్‌కు చూపించాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే వెన్నెముకలో క్షయ, ఇతర ఇన్ఫెక్షన్, కణితి వంటివి లేవని నిర్ధారించుకోవాలి. స్టెరాయిడ్లు ఏళ్ళ తరబడి వాడినవారికీ, ఎముకలు గుల్లబారిన వృద్ధులకూ చిన్న దెబ్బతోనే, ఒక్కోసారి ఏ దెబ్బా లేకుండానే వెన్నుపూస నలిగిపోవచ్చు. వీరి విషయంలో వెంటనే స్కానింగు చేయించడమే సరైన పని.

ఈ ప్రమాద సూచనలేవీ లేవనుకుందాం. అప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న, నొప్పి నడుములోనే ఉందా, కాలిలోకి దిగుతోందా? పిరుదు నుంచి తొడ వెనకగా మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి కరెంటు కొట్టినట్టు దిగే నొప్పి, దానితోపాటు తిమ్మిరి ఉంటే నరం మూలం దగ్గర ఒత్తిడి ఉందని అనుమానించాలి. దీన్నే సయాటికా అంటాం. చాలావరకు నడుములోని చివరి రెండు డిస్కుల దగ్గర ఇది మొదలవుతుంది. కాలి బలం బాగానే ఉంటే మొదటి ఆరు నుంచి పన్నెండు వారాలు మందులతో, కదలికతో వేచి చూడడం భద్రమే. ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. తగ్గకపోతే వెన్నెముక శస్త్రచికిత్స చేసే వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలి.

ఆ సర్జన్ ఎముకల శాఖ నుంచి వచ్చినవాడై ఉండాలా, నరాల శాఖ నుంచి వచ్చినవాడై ఉండాలా అన్నది నన్ను తరచూ అడుగుతారు. ఈ రెండు శాఖలవారూ వెన్నెముక ఆపరేషన్లు చేస్తారు. డిస్కు లోపలి పదార్థం బయటకు ఉబికి నరాన్ని నొక్కడం వల్లే సయాటికా వస్తుందని, దాన్ని తొలగిస్తే నొప్పి పోతుందని 1934లో ప్రపంచానికి చాటిన వ్యాసం రాసినవారిలో విలియం మిక్స్‌టర్ న్యూరోసర్జన్, జోసెఫ్ బార్ ఎముకల వైద్యుడు. రెండు శాఖలూ కలిసి కూర్చున్నప్పుడే ఆ విషయం తేటతెల్లమయింది. కనుక శాఖ పేరు కంటే, ఆయన చేసే పనిలో వెన్నెముకకు ఎంత భాగం ఉంది, మీలాంటి కేసుల్లో ఎందరికి ఆపరేషన్ వద్దని చెబుతారు అన్నవే అడగదగిన విషయాలు. మోకాళ్ళు, తుంటి మార్పిడి ఎక్కువగా చేసే ఎముకల సర్జన్, మెదడు కణితులు ఎక్కువగా చేసే న్యూరోసర్జన్ తమ పనిలో ఎంత నిపుణులైనా, మీ నడుముకు వారే తగినవారు కావాలని లేదు. న్యూరాలజిస్టు వేరు, న్యూరోసర్జన్ వేరు అన్నది కూడా గుర్తుంచుకోండి. న్యూరాలజిస్టు ఆపరేషన్ చేయరు. తిమ్మిరి నడుము నుంచి వస్తోందా, మధుమేహం వంటి వాటివల్ల కాళ్ళలోని నరాలే దెబ్బతిన్నాయా అన్న సందేహం ఉన్నప్పుడు ఆయన దగ్గరకు వెళ్ళడం సరైనది.

నడుస్తుంటే రెండు కాళ్ళూ బరువెక్కి లాగడం, కూర్చున్నా ముందుకు వంగినా ఊరట కలగడం అరవై దాటినవారిలో తరచూ కనిపిస్తుంది. నరాలు వెళ్ళే దారి ఇరుకవడం దీనికి కారణం. కానీ వంగకుండా, ఊరికే నిలబడితేనే కాళ్ళ నొప్పి తగ్గిపోతుంటే, అది కాళ్ళకు రక్తం తీసుకువెళ్ళే నాళాల సమస్య కావచ్చు, అప్పుడు చూడవలసింది రక్తనాళాల సర్జన్‌ను. ఇంత చిన్న వివరం మీద వైద్యుడి గదే మారిపోతుంది.

తరచూ అందరూ మరిచిపోయే వైద్యుడు రుమటాలజిస్టు. ఇరవైలలో, ముప్ఫైలలో మెల్లగా మొదలై నెలల తరబడి సాగే నొప్పి, పొద్దున లేవగానే అరగంటకు మించి నడుము బిగుసుకుపోవడం, పడుకుంటే పెరిగి తిరుగుతుంటే తగ్గడం, రాత్రి రెండో సగంలో నిద్ర నుంచి లేపడం ఇవన్నీ వెన్నెముకకు వచ్చే ఒక రకం కీళ్ళవాతానికి గుర్తులు. కళ్ళు ఎర్రబడి నొప్పి పెట్టడం, సోరియాసిస్ అనే చర్మవ్యాధి, మడమ నొప్పి తోడైతే అనుమానం ఇంకా బలపడుతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక యువకుడు నాలుగేళ్ళపాటు నడుము బెల్టు కట్టుకుని, బరువులెత్తడం మానేసి, పూర్తి విశ్రాంతి తీసుకున్నాడు. విశ్రాంతితో పెరిగే జబ్బుకు అందరూ విశ్రాంతే చెప్పారు. అతని నడుము ఎంఆర్‌ఐ బాగానే ఉందన్నారు. ఆ మాట నిజమే, కానీ ఆ జబ్బు సాధారణంగా మొదలయ్యేది వెన్నెముక కటి ఎముకతో కలిసే కీళ్ళ దగ్గర, ఆ కీళ్ళను చూడమని ఎవరూ అడగలేదు. మామూలు నడుము స్కానింగులో ఆ భాగం పూర్తిగా రాకపోవచ్చు. నేను అతణ్ణి రుమటాలజిస్టు దగ్గరకు పంపింది ఏదో గొప్ప పరీక్ష చేసి కాదు. "పొద్దున లేచాక ఎంతసేపటికి నడుము తేలికపడుతుంది?" అని అడిగాను, అంతే. మందులు మొదలుపెట్టాక అతను మళ్ళీ పరుగెత్తగలుగుతున్నాడు. ఈ జబ్బును గుర్తించడంలో సంవత్సరాల ఆలస్యం జరగడం ప్రపంచమంతటా ఉన్నదే. ఈ సభలో అలాంటి పొద్దుటి బిగుతు ఉన్న యువతీ యువకులు ఉంటే, దయచేసి ఈ ఒక్క మాటను ఇంటికి తీసుకువెళ్ళండి.

నడుము నొప్పి నడుముదే కాకపోవచ్చన్నది కూడా చెప్పి ముందుకు సాగుతాను. మూత్రపిండాల్లో రాయి, ఇన్ఫెక్షన్, గర్భాశయానికి సంబంధించిన జబ్బులు, తుంటి కీలు అరుగుదల నడుము నొప్పిగా పైకి కనిపించవచ్చు. నెలసరితోపాటు పెరిగి తగ్గే నొప్పికి ముందు స్త్రీల వైద్యురాలిని కలవాలి.

ఇంతవరకు చెప్పిన జబ్బులేవీ లేని ఆ తొంభై శాతం మందికి స్పెషలిస్టు ఎవరు? నా సమాధానం కొందరికి నిరాశ కలిగించవచ్చు. మీకు కావలసింది మిమ్మల్ని మళ్ళీ కదిలించగల మనిషి, అంటే మంచి ఫిజియోథెరపిస్టు. వీలుంటే, పునరావాస వైద్యంలో శిక్షణ పొంది, మందులు, వ్యాయామం, వృత్తి అవసరాలు అన్నీ కలిపి చూసే ఫిజియాట్రిస్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో విడుదల చేసిన మార్గదర్శకాలు ఇలాంటి నొప్పికి నొప్పి గురించిన అవగాహన, వ్యాయామం, మానసిక చికిత్స వంటివి సూచించాయి. నడుము బెల్టులు, బరువులతో నడుమును లాగి ఉంచే ట్రాక్షన్, నల్లమందు జాతికి చెందిన బలమైన నొప్పి మందులు (ఓపియాయిడ్లు) మామూలుగా వాడవద్దన్నాయి. ఈ మాట వినగానే "ఫిజియోథెరపీ చేయించుకున్నానండీ, ఏమీ తగ్గలేదు" అంటారు. ఏం చేశారని అడిగితే, పది రోజులు బోర్లా పడుకోబెట్టి యంత్రం పెట్టారంటారు. యంత్రం కింద పడుకున్నది ఫిజియోథెరపీలో అతి చిన్న భాగం. మీరు ఏ కదలికకు భయపడుతున్నారో అడిగి, దాన్నే కొద్దికొద్దిగా చేయించి, వారం వారం పెంచుతూ, ఇంట్లో మీ అంతట మీరే చేసుకునేలా తీర్చిదిద్దే మనిషిని వెతకండి. 2024లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనం ఒకటి ఉంది. నడుము నొప్పి వచ్చి తగ్గిన 701 మందిలో, ఫిజియోథెరపిస్టుల సలహాతో క్రమంగా నడక పెంచినవారికి నొప్పి తిరగబెట్టడానికి పట్టిన మధ్యస్థ కాలం (అంటే సగం మందికి నొప్పి తిరిగి రావడానికి పట్టిన కాలం) 208 రోజులు, ఏ చికిత్సా ఇవ్వనివారికి 112 రోజులు. నడకకు ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు.

మానసిక నిపుణుడి పేరెత్తితే నొచ్చుకునేవారు ఉంటారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. నెలల తరబడి నొప్పితో ఉన్న మనిషికి "మనసు డాక్టరును చూడండి" అన్న మాట "నీకేం లేదు" అన్నట్టు వినిపిస్తుంది. నిద్రలేమి, దిగులు, కదిలితే ఏదో విరిగిపోతుందన్న భయం నొప్పిని పెంచుతాయని, నొప్పి తిరిగి వాటిని పెంచుతుందని తెలిశాక కూడా ఆ తలుపు మూసుకోవడం మీకు మీరే చేసుకునే అన్యాయం.

ఇక పెయిన్ స్పెషలిస్టులు. వీరిలో ఎక్కువమంది ఆపరేషన్ సమయంలో మత్తు ఇచ్చే శాఖ నుంచి వచ్చినవారు. కాలిలోకి దిగే తీవ్రమైన నొప్పికి వెన్నులో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి కొన్ని వారాలు ఊరట ఇచ్చి, వ్యాయామం మొదలుపెట్టే వీలు కల్పించవచ్చు. నడుముకే పరిమితమైన నొప్పికి దాని ఆధారం బలహీనం. 2025లో ఒక అంతర్జాతీయ బృందం క్యాన్సర్‌తో సంబంధం లేని దీర్ఘకాలిక వెన్ను నొప్పికి ఇలాంటి ఇంజెక్షన్లు మామూలుగా వాడవద్దని గట్టిగా సిఫారసు చేసింది, పెయిన్ వైద్యుల సంఘాలు దానితో విభేదించాయి. ఇద్దరి వాదనలూ చదివినవాడిగా నా అభిప్రాయం చెబుతాను. ఇంజెక్షన్ తరువాత ఏం చేయాలో ప్రణాళిక చెప్పని చోట ఇంజెక్షన్ వద్దు.

ఆపరేషన్ మాట వచ్చినప్పుడు రెండో అభిప్రాయం తప్పనిసరి, రెండో వైద్యుడు అదే ఆసుపత్రికి చెందినవాడు కాకపోతే మరీ మంచిది. తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిని నెదర్లాండ్స్‌లో రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి త్వరగా ఆపరేషన్ చేసి, మరో వర్గానికి ఆపరేషన్ లేకుండా వేచి చూసిన అధ్యయనం 2007లో వచ్చింది. ఆపరేషన్ అయినవారికి కాలి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది గడిచేసరికి రెండు వర్గాలూ దాదాపు ఒకే స్థితిలో ఉన్నాయి, వేచి చూసినవారిలో 39 శాతం మందికి మాత్రమే ఆపరేషన్ అవసరమయింది. కాబట్టి ఆపరేషన్ తప్పు కాదు, సరైన మనిషికి అది వేగంగా ఉపశమనం ఇస్తుంది. అయితే ఆ ఫలితం కాలి నొప్పికి వచ్చినది. కాలి నొప్పి లేకుండా నడుము మాత్రమే నొప్పి పెట్టేవారికి, అరిగిన డిస్కు చూపించి రాడ్లు, స్క్రూలు వేద్దామంటే చాలా ఆలోచించాలి. సర్జన్‌ను సూటిగా అడగండి: ఈ ఆపరేషన్ నా కాలి నొప్పికా, నడుము నొప్పికా? చేయించుకోకపోతే ఏడాదిలో ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు విసుక్కునే వైద్యుడి చేతిలో మీ వెన్నెముక పెట్టవద్దు.

చివరగా, ఎవరిని కలిసినా వెళ్ళేముందు ఒక కాగితం మీద మీ చేతితోనే కొన్ని మాటలు రాసుకోండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, కాలిలోకి దిగుతుందా, కూర్చుంటే పెరుగుతుందా నడిస్తే పెరుగుతుందా, పొద్దున ఎంతసేపు బిగుసుకుంటుంది, ఇంతవరకు ఏయే మందులు ఎన్నాళ్ళు వాడారు. పాత స్కానింగుల కట్ట కంటే ఈ కాగితమే వైద్యుడికి ఎక్కువ పనికొస్తుంది. దాని అడుగున, ఈ నొప్పి వల్ల మీరు మానేసిన పని ఒకటి రాయండి. పిల్లవాణ్ణి ఎత్తుకోవడం కావచ్చు, గంటసేపు కూర్చుని పని చేయడం కావచ్చు. మూడు నెలల తరువాత ఆ కాగితం మళ్ళీ తీసి చూడండి. ఆ పని కొంతైనా చేయగలుగుతుంటే, నొప్పి ఇంకా కాస్త మిగిలి ఉన్నా, మీరు సరైన వైద్యుడి దగ్గరే ఉన్నారు, చికిత్స కొనసాగించండి. ఏ మార్పూ లేకపోతే ఆ కాగితంతోనే మొదటి వైద్యుడి దగ్గరకు తిరిగి వెళ్ళి, ఎక్కడ పొరపడ్డామో మొదటి నుంచీ చూడమని అడగండి.

ధన్యవాదాలు.